ఆఖరి నాలుగు నిమిషాలు

గాజు గొట్టంలో నీళ్లు పట్టేది నేనే.
ఇరవై అయిదు డిగ్రీలు.
ఒక్క గీత అటూ ఇటూ అయినా రిజ్వానా పాప ఒప్పుకోదు.
కావలి హైవే పక్కన ఫార్మసీ కాలేజీ, దాని వెనక రేకుల షెడ్డు.
తలుపు మీద యానిమల్ హౌస్ అని రాసుంటుంది గానీ
ఉండేవన్నీ ఎలుకలే.
తెల్లటివి, ఎర్ర కళ్లవి,
ఊరి ఎలుకల దొంగ చూపు తెలియనివి.

తోక మీద ఒక గీత ఉంటే ఉత్త నీళ్లు.
రెండు గీతలుంటే మందు.
ఫ్లూయొక్సెటిన్.
నా నోరు ఆ మాటకి తిరగడానికి నెల పట్టింది.
పొద్దున ఎనిమిదింటికి గొంతులోకి సన్నటి గొట్టం,
ఇరవై ఒక్క రోజులు, ఆదివారాలతో సహా.

ఆ తర్వాత ఈత.
ఆరు నిమిషాలు.
మొదటి రెండూ లెక్కలోకి రావు,
భయం అప్పుడు అన్నిటికీ ఒకటేనంట.
ఆఖరి నాలుగే లెక్క.
కాళ్లు ఆపేసి, ముక్కు మాత్రం పైకి పెట్టి
ఎలుక అట్టా తేలిపోయిందంటే
పాప స్టాప్‌వాచ్ నొక్కుద్ది.
పుస్తకంలో రాస్తది:
నిరాశ, నూట నలభై సెకండ్లు.

మందు తాగినవి అంత తొందరగా ఆగవు.
దారి లేని గాజుని
గీరతానే ఉంటాయి.

నేను తుమ్మలపెంట మనిషిని.
పన్నెండేళ్లప్పుడు పడవ బోర్లా పడితే
చీకట్లో మా నాయన గొంతు ఒకటే వినపడింది:
"కొట్టుకోబాకరా. ఎల్లకిలా పడుకో.
సముద్రానికి అలుపొచ్చిందాకా ఊరుకో."
ఊరుకున్నా.
చెవుల్లో ఉప్పునీళ్లు, పైన ఎవరివో కాని చుక్కలు.
ఆ రాత్రి నా పక్కన ఎవరన్నా గడియారం పట్టుకోనుంటే
ఏమని రాసుండేవాళ్లు?

పాపతో అన్నా ఈ మాట.
పెన్ను ఆపింది.
"పెద్దోళ్లు కొందరు అదే అంటున్నారు మామా,
అది ఓడిపోవడం కాదు, ఓపిక దాచుకోవడమని."
కాసేపాగి,
"గడి పేరు మార్చడం మాత్రం నా చేతుల్లో లేదు."

ఈత అయినాక తువ్వాలుతో తుడిచి
బల్బు కింద పెట్టేదీ నేనే.
గుండె నా బొటనవేలికి తగులుద్ది.
మర్నాడు ఏం జరుగుద్దో నాకు తెలుసు.
మర్నాడు ఆ టయానికి
నేను షెడ్డు ఎనక్కి పోయి బీడీ ముట్టిస్తా.

ఒకసారి పిలిచి భూతద్దంలో చూపించింది.
ఉల్లిపొర కన్నా పల్చన మెదడు.
"ఈ వంపు చూడు మామా, సముద్రపు గుర్రం.
దీని పేరే అది."
నాకు తెలియకేం?
వలలో నాచుతో పాటు చిక్కుద్ది.
ఎందుకూ కొరగాదని ఇసకలో ఇసిరేస్తాం,
ఎండినాక పిల్లోళ్లు ఏరుకుంటారు.
అది తల లోపల కూడా ఉందని,
ఎలుకకీ ఉందని, నాకూ ఉందని
యాభై రెండేళ్లకి తెలిసింది.
వంపు అంచున చిన్న చిన్న చుక్కలు,
రాత్రి వేటకి పోయిన పడవల దీపాల మాదిరి.
"కొత్తగా పుట్టిన కణాలు" అంది.
రెండు గీతల దానికి బారులు.
ఒక గీత దానికి నాలుగో, అయిదో.

మా తమ్ముడు పోలయ్య మే నెల నుంచి
గోడ వైపు తిరిగి పడుకోనున్నాడు.
ఐసు ఫ్యాక్టరీ మానేశాడు, పలకడం మానేశాడు.
నెల్లూరు డాక్టరు రాసిన చీటీ
మందుల షాపులో నేనే చదివా, తడబడకుండా.
కౌంటర్లో కుర్రోడు తలెత్తి చూశాడు.

ఎనిమిదో రోజుకే మా మరదలు
"ఏం గుణం కనపళ్లా" అని అట్ట తీసి గూట్లోకి ఇసిరింది.
ఇరవై ఒకటి అన్నా. ఇరవై ఒకటమ్మా.
ఆ లెక్క ఎవరు కట్టారని అడగలేదు.
అడిగుంటే తోకలు గుర్తొచ్చేవి నాకు.

నిన్న పద్దెనిమిదో రోజు.
మంచం పక్కన పీట వేసుకోని కూచున్నా,
చేతిలో గడియారం లేదు.
వాడు కదలకుండా పడుకోనున్నాడు.
మునుగుతున్నాడో తేలుతున్నాడో
వీపు చూసి చెప్పే చదువు నాకు లేదు.

బాగా పొద్దుపోయినాక,
గోడ వైపే మొహం పెట్టి,
"అన్నా, ఫ్యాను కాస్త తగ్గించు" అన్నాడు.

తగ్గించా.
ఆ మాట ఏ గడిలో రాస్తారో
రేపు పాపని అడగాలి.